నీలి మంటకు కర్త ఎవరు?

కుమ్మరి కుండ చేశాడంటే ఎవరూ కాదనరు. కుందకుందాచార్యుడు కాదన్నాడు. కుండగా మారింది మట్టి; కుమ్మరి చేసిందల్లా తన తలపును, తన ప్రయత్నాన్ని మాత్రమే. మట్టి పని మట్టిది, మనిషి పని మనిషిది. లోకం మాటగా, అంటే వ్యవహార నయంలో, ‘కుమ్మరి కుండ చేశాడు’ అనుకోవచ్చు, తప్పులేదు. అసలు సంగతికి వస్తే, నిశ్చయ నయంలో, ఏ ద్రవ్యమూ ఇంకో ద్రవ్యానికి కర్త కాదు. ‘సమయసారం’లో ఒక అధికారమంతా, అంటే అధ్యాయమంతా, ఈ కర్త, కర్మల తగవుకే కేటాయించాడాయన.

దిగంబర జైనులు మహావీరుడి తర్వాత, గౌతమ గణధరుడి తర్వాత తలచుకునే పేరు కుందకుందుడిది. ఆయన ఊరు అనంతపురం జిల్లా కోనకొండ్ల అని పి.బి. దేశాయి వంటి శాసన పరిశోధకులు వాదించారు. గుంతకల్లు దగ్గర, వజ్రకరూరు మండలంలో ఉంటుందా ఊరు. రససిద్ధుల గుట్ట మీద తీర్థంకరుల బొమ్మలు ఇప్పటికీ ఉన్నాయి. ఆయన కాలం గురించి పండితులు శతాబ్దాలను ముందుకూ వెనక్కూ జరుపుతూనే ఉన్నారు గానీ, ఆయన వేసిన ప్రశ్న మాత్రం జరగలేదు. కోనకొండ్లకు ఎంతో దూరంలేని పామిడి ప్రాంతంలో ఆ ప్రశ్నను కుండ బదులు గోబర్ గ్యాస్ గుంత మీద పెట్టి చూస్తే, ఆచార్యుడికి కూడా కాస్త పని పడుతుంది.

పామిడి పెన్న ఒడ్డు ఊరు. భోగేశ్వరస్వామి గుడికి, బట్టల వ్యాపారానికి పేరు. ఏట్లో నీళ్లకంటే ఇసుక కనబడే రోజులే ఎక్కువ. జిల్లాకు ఏడాది సగటు వాన దాదాపు 550 మిల్లీమీటర్లు; అది కూడా శనక్కాయ పైరుకు కావలసినప్పుడు కాక, తనకు తోచినప్పుడు పడుతుంది. ఇలాంటి చోట పశువుల కొట్టం ఉన్న ఇంటికి పేడ చిన్న ఆస్తి కాదు. కల్లాపికి కావాలి, అలకడానికి కావాలి, పిడకలకు కావాలి, దిబ్బకు కావాలి. గ్యాస్ గుంత కట్టించుకున్న ఇంట్లో ఈ పద్దులన్నిటికీ ముందు గుంత నోరు తెరుస్తుంది.

ఆ నోరు చిన్నది కాదు. రోజుకు రెండు ఘనమీటర్ల గ్యాస్ ఇచ్చే ఇంటి గుంతకు రోజూ 50 కిలోల పేడ, దాదాపు అంతే నీళ్లు కావాలి. ఆవులో ఎనుములో నాలుగైదు ఉంటే గానీ కుదరదు. కిలో పేడకు వచ్చేది సుమారు 40 లీటర్ల గ్యాస్. పొద్దున్నే తొట్టిలో పేడ వేసి, నీళ్లు పోసి, మోచేతిదాకా ముంచి పిసకాలి. గడ్డిపోచ, గులకరాయి, శనక్కాయ పొట్టు తగిలితే ఏరి పారేయాలి. లేకపోతే లోపల పైకి తేలి అట్ట కడతాయి. పలుచబడ్డ పేడ గొట్టం గుండా గుంతలోకి జారుతుంది. 1984లో ఆఫ్‌ప్రో సంస్థ తయారుచేసిన దీనబంధు నమూనాలో కదిలే భాగం ఒక్కటీ లేదు, అంతా ఇటుకల గుమ్మటమే. లోపల గ్యాస్ పేరుకుంటే పేడనీళ్లు బయటి తొట్టిలోకి ఎక్కుతాయి, స్టవ్ వెలిగిస్తే దిగుతాయి. అలవాటైన ఇల్లాలు ఆ తొట్టిలో తడి ఎంతవరకుందో చూసి, మధ్యాహ్నం పప్పు ఉడుకుతుందో లేదో చెప్పేస్తుంది.

కొత్తగా నింపిన గుంత మొదటి రోజుల్లో ఇచ్చే గ్యాస్ అంటుకోదు. అగ్గిపుల్ల మీద అగ్గిపుల్ల గీస్తారు, ఆరిపోతుంది. అప్పటికి వచ్చేది ఎక్కువగా కార్బన్ డయాక్సైడ్. మండే మిథేన్ పాలు పెరగడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. మనుషులు చేయాల్సిందంతా చేసేశారు, గుమ్మటం సరిగ్గానే ఉంది, పేడా ఉంది. మరి ఆగింది ఎవరి కోసం?

లోపల చాలా కాపురాలున్నాయి. పశువు నాలుగు గదుల కడుపు దాటి వచ్చిన పీచును, పిండిని, మాంసకృత్తులను ముందు ఒక రకం బ్యాక్టీరియా కోసి చక్కెరలుగా, అమైనో ఆమ్లాలుగా చేస్తుంది. వాటిని తినేవి ఇంకో గుంపు. అవి వదిలేవి ప్రొపియోనేట్, బ్యూటిరేట్ వంటి ఆమ్లాలు, ఆల్కహాళ్లు. వాటి మీద బతికేవి మరో గుంపు. అవి వదిలేది అసిటేట్, హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్. చివరి బంతిలో కూర్చునేవి మిథనోజెన్లు. ఇవి కొన్ని అసిటేట్‌ను చీల్చి, కొన్ని హైడ్రోజన్‌తో కార్బన్ డయాక్సైడ్‌ను కలిపి మిథేన్ వదులుతాయి. పేడ గుంతల్లో మిథేన్‌లో మూడింట రెండు వంతుల దాకా అసిటేట్ దారిలోనే వస్తుందని లెక్క. ఒకరి ఎంగిలి మరొకరి భోజనం. ఆఖరివాళ్ల ఎంగిలి మన పొయ్యి. ఎంగిలి మంగలమని ఒకరి కంచంలో ఒకరు ముట్టని ఇళ్లలో కూడా అన్నం ఆ మంట మీదే ఉడుకుతుంది.

ఈ వరసలో ఎవరికీ గ్యాస్ తయారుచేస్తున్నామన్న ఎరుక లేదు. మిథనోజెన్‌కు మిథేన్ పనికిరాని మిగులు. పీచు కోసేదానికి చక్కెర కావాలంతే. ఎవరి బతుకు వారు బతుకుతుంటే, ఆ బతుకుల అంచున మంటకు పనికొచ్చేదేదో ఊరుతోంది. ఇంతవరకూ కుందకుందుడి మాట అచ్చంగా సరిపోయినట్టే ఉంది: ప్రతిదీ తన మార్పుకు తానే కర్త, పక్కదానికి కాదు.

చిక్కంతా ఒక చిన్న సీసాలో బయటపడింది. 1940లో అమెరికాలో హొరేస్ బార్కర్ అనే శాస్త్రవేత్త ఆల్కహాల్ తిని మిథేన్ వదిలే ఒక సూక్ష్మజీవిని విడదీశానని ప్రకటించాడు. రష్యన్ పరిశోధకుడు ఒమెలియాన్‌స్కీ పేరు దానికి పెట్టారు. పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది, ప్రయోగశాలల్లో పెంచారు, దాని రసాయనం మీద పరిశోధన పత్రాలు వచ్చాయి. 1967లో మార్విన్ బ్రయంట్, రాల్ఫ్ వుల్ఫ్, వాళ్ల సహచరులు అది ఒక జీవి కాదని, రెండని తేల్చారు. ఒకటి ఆల్కహాల్‌ను అసిటేట్‌గా మార్చి హైడ్రోజన్ వదులుతుంది. రెండోది ఆ హైడ్రోజన్‌ను తిని మిథేన్ చేస్తుంది. 27 ఏళ్లపాటు శాస్త్రం ఒక కర్త అనుకున్నచోట ఇద్దరున్నారు.

అంతకంటే గట్టి సంగతి ఇంకోటి ఉంది. మొదటిది వదిలే హైడ్రోజన్ చుట్టూ పేరుకుంటే దాని పని ఆగిపోతుంది. ఆ రసాయన చర్యలో దానికి శక్తి మిగలదు. రెండోది పక్కనే ఉండి హైడ్రోజన్‌ను ఎప్పటికప్పుడు తినేస్తుంటేనే మొదటిది బతుకుతుంది. అంటే మొదటిది తినే తిండికి తిండి విలువ రావడమే పక్కదాని వల్ల. ఇక్కడ ‘ఎవరి మార్పుకు వారే కర్త’ అనడం కొంచెం ఇబ్బందే.

జైన దర్శనం దగ్గర దీనికి జవాబు లేకపోలేదు. ఉపాదాన కారణం వేరు, నిమిత్త కారణం వేరు అంటుంది. మట్టి ఉపాదానం, కుమ్మరి నిమిత్తం. అలాగే ఆల్కహాల్ తినే జీవి తన మార్పుకు తానే ఉపాదానం, పక్కనున్న మిథనోజెన్ నిమిత్తం మాత్రమే. తర్కం నిలుస్తుంది, కానీ బరువు మారిపోతుంది. కుమ్మరి లేకపోయినా మట్టి మట్టిగా ఉంటుంది. మిథనోజెన్ లేకపోతే ఈ జీవికి బతుకే లేదు. నిమిత్తం ఇంత బలమైనప్పుడు దాన్ని ‘మాత్రమే’ అనడం న్యాయమా? దిగంబర సంప్రదాయం కుందకుందుడి శిష్యుడిగా చెప్పుకునే ఉమాస్వాతి ఈ బలాన్ని పసిగట్టినట్టుంది. జీవులకు పని పరస్పరం ఉపకరించుకోవడమేనన్న అర్థంలో ‘తత్త్వార్థ సూత్రం’లో ఒక సూత్రం చెప్పాడు. మహావీరుడి 2500వ నిర్వాణ వార్షికోత్సవాల నాడు జైన శాఖలన్నీ కలిసి ఎంచుకున్న చిహ్నం అడుగున ఉన్నది ఆ సూత్రమే. గుంతకు సంబంధించినంతవరకు గురువుకంటే శిష్యుడికే మార్కులు ఎక్కువ పడతాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. జైనుల నిగోద సిద్ధాంతం చదివినవాళ్లకు ‘మనవాళ్లకు సూక్ష్మజీవులు ముందే తెలుసు’ అనాలని నాలుక దురద పెడుతుంది. కంటికి కనబడని, ఒకే ఇంద్రియం గల నిగోద జీవులు లోకమంతా కిక్కిరిసి ఉంటాయి. లెక్కలేనన్ని జీవాలు ఒకే శరీరాన్ని, ఒకే ఆహారాన్ని, ఒకే ఊపిరిని పంచుకుంటాయి. మనిషి ఒక్క ఊపిరి తీసేలోగా పద్దెనిమిదిసార్లు పుట్టి చస్తాయి అంటుంది ఆ సిద్ధాంతం. పోలిక ఆకట్టుకునేదే. కానీ మిథనోజెన్లకు అంత తొందర లేదు, వాటిలో కొన్ని రెండింతలు కావడానికి రోజులు పడుతుంది. నిగోదం ఆత్మల గురించి, కర్మ బంధం గురించి చెప్పిన మాట. సూక్ష్మదర్శిని కింద చూసి చెప్పింది కాదు. పాతవాళ్లను గొప్ప చేయడానికి వాళ్లు చెప్పనిది వాళ్ల నోట పెట్టనక్కర్లేదు. ఒక శరీరంలో ఒకే జీవుడుండాలన్న నియమాన్ని వదులుకోవడానికి వాళ్లు వెనకాడలేదు. అది చాలు. ఒమెలియాన్‌స్కీ సీసా దగ్గర ఆధునిక శాస్త్రం 27 ఏళ్లు వెనకాడింది.

మిథనోజెన్లు శాస్త్రాన్ని ఇంకోసారి కూడా ఇబ్బంది పెట్టాయి. రాల్ఫ్ వుల్ఫ్ పనిచేసిన ఇలినాయి విశ్వవిద్యాలయంలోనే కార్ల్ వోస్ అనే శాస్త్రవేత్త రైబోజోముల్లోని ఆర్‌ఎన్‌ఏను పోల్చి జీవుల వంశవృక్షం గీస్తుండేవాడు. వుల్ఫ్ దగ్గర పెరుగుతున్న మిథనోజెన్లను అడిగి తీసుకుని చూశాడు. అవి బ్యాక్టీరియా కావు. ఆవుకూ, మర్రిచెట్టుకూ, మనిషికీ చెందిన వంశమూ కాదు. 1977లో వోస్, జార్జ్ ఫాక్స్ కలిసి జీవలోకానికి మూడో శాఖ ఉందని ప్రకటించారు. దానికే తర్వాత ఆర్కియా అన్న పేరు స్థిరపడింది. చాలామంది నవ్వారు. పేడగుంత అడుగున, ఎనుము కడుపులో, పెన్న మడుగుల బురదలో ఎప్పటినుంచో ఉన్నవాళ్లకు వంశం పేరు రావడానికి 1977 దాకా పట్టింది. ప్రాణవాయువు తగిలితే వీటి పని ఆగిపోతుంది. మనం ప్రాణమని పేరుపెట్టుకున్న గాలి వీటికి విషం.

కర్త ఎవరో తేలకపోతే పాపం ఎవరి ఖాతాలో పడుతుంది? అహింసను ఒంటికి పట్టించుకున్న జైన గృహస్థు ఈ గుంత ముందు నిలబడితే అడిగే మొదటి ప్రశ్న ఇదే. గుంతలోంచి బయటికొచ్చిన స్లర్రీని చేనికి తోలి ఎండలో పరిస్తే, గాలి సోకి ఆర్కియా కోట్ల లెక్కన ఆగిపోతాయి. జైన లెక్కలో మంటలో కూడా జీవులుంటాయి; నిప్పు, నీరు, నేల, గాలి అన్నీ ఏకేంద్రియాలే. ఈ లెక్కన నీళ్లు తోడటం దగ్గర్నుంచి స్టవ్ ఆర్పేదాకా హింస కాని క్షణం లేదు.

‘ప్రవచనసారం’లో కుందకుందుడు దీన్ని కూడా తలకిందులు చేశాడు. ఎదుటి జీవి చచ్చిందా బతికిందా అన్నదాంతో హింస తేలదు; ఏమరుపాటుతో మసలేవాడికి, ఏమీ చావకపోయినా, హింస అంటుతుంది; జాగ్రత్తగా మెలిగేవాడికి, ఏదో చచ్చినా, బంధం లేదు అన్నది ఆయన తీర్పు సారాంశం. శవాల లెక్క కాదు, జాగ్రత్త లెక్క.

ఇది పెద్దవాళ్లు తప్పించుకోవడానికి కనిపెట్టిన సందులా అనిపించవచ్చు. ‘నా మనసు మంచిదే’ అని ఎవరైనా అనేయొచ్చుగా! కానీ గుంత దగ్గర ఈ జాగ్రత్త మనసులో ఉండిపోయే సరుకు కాదు. పెళ్లి జరిగిన మర్నాడు మిగిలిన అన్నం, సాంబారు అంతా ఒక్కసారి గుంతలో పారబోస్తే ఏమవుతుందో చూడాలి. ఆమ్లాలు చేసే బ్యాక్టీరియా గంటల్లో పెరిగిపోతుంది. నిదానస్తులైన మిథనోజెన్లు ఆ ఆమ్లాన్ని తిని తీర్చలేవు. గుంత పులిసిపోతుంది, పుల్లని కంపు కొడుతుంది, మంట నీరసించి చివరికి ఆరిపోతుంది. ఇల్లు అన్నం వృథా చేయకూడదనే పోసింది. చచ్చింది మాత్రం గుంత. ఆవుకు జబ్బు చేసి యాంటీబయాటిక్ సూదులు పడ్డ రోజుల్లో ఆ పేడను పక్కన పెట్టాలని తెలిసినవాళ్లు చెబుతారు. ఎందుకంటే మందు ఎంపిక చేసి చంపదు. మేత మార్చినప్పుడు, చలి పెరిగినప్పుడు, నీళ్లు తగ్గినప్పుడు గుంత గుర్తులు చూపిస్తూనే ఉంటుంది. ఆచార్యుడు చెప్పిన అప్రమత్తతకు ఇంతకంటే కచ్చితమైన పరీక్ష ఏ మఠంలోనూ దొరకదు.

ఈ తూకంలో కట్టెల పొయ్యిని కూడా పెట్టాలి. కంపచెట్ల కట్టెల్లో చెదలు, పురుగులు ఎన్ని కాలతాయో పక్కన పెడదాం. ఆ పొగలో కళ్లు మండుతూ, దగ్గుతూ మూడు పూటలా వంగి ఊదే మనిషి పంచేంద్రియాలున్న జీవి. ఇంద్రియాల మెట్ల మీద జీవులను నిలబెట్టిన మతం, పై మెట్టు మీదున్న ఆడమనిషి ఊపిరితిత్తుల సంగతి మరిచిపోవడానికి వీల్లేదు.

శైవుల చిక్కు ఇంకో రకం. భోగేశ్వరుడి నుదుట పెట్టే విభూతికి మూలం ఆవుపేడే; ఎండబెట్టి, కాల్చి, జల్లెడపట్టిన బూడిద అది. పిడక కాలితే అన్నం ఉడుకుతుంది, విభూతికో అంట్లకో బూడిద మిగులుతుంది. గుంతలో పడ్డ పేడ కాలదు. మంట ఇస్తుంది, ఎరువు ఇస్తుంది, బూడిద మాత్రం ఇవ్వదు. పేడలోని నత్రజని పిడకతో పాటు పొగైపోకుండా స్లర్రీలో మిగిలి శనక్కాయ చేనికి చేరుతుంది కాబట్టి రైతు దీన్ని నష్టం అనుకోడు. శివుడికి మాత్రం నాలుగు పిడకలు విడిగా కొట్టాల్సిందే.

పేడ వరకు ఎవరికీ పేచీ లేదు, అది పవిత్రం. మరుగుదొడ్డిని గుంతకు కలుపుతామంటేనే ఇల్లు రెండుగా చీలుతుంది. ఆ గ్యాస్ మీద వండుకోవడానికి చాలామందికి మనసొప్పదు, దేవుడి నైవేద్యం మాట సరేసరి. మన దేశంలో బయోగ్యాస్ కథ మొదలైందే అక్కడ. బొంబాయి మాతుంగా కుష్ఠురోగుల ఆశ్రమంలో 1897లో మనుషుల మలంతో నడిచే గుంత కట్టారు. సమాజం ముట్టుకోని మనుషుల, ఇంకా ముట్టుకోని వ్యర్థం నుంచి వచ్చిన వెలుగు అది. 1982లో పాట్నాలో బిందేశ్వర్ పాఠక్ సులభ్ సంస్థ సామూహిక మరుగుదొడ్లకు బయోగ్యాస్ గుంత జోడించింది. ఆవు నుంచి వచ్చినా, మనిషి నుంచి వచ్చినా, బురదగుంట నుంచి వచ్చినా మిథేన్ అణువులో ఒక కార్బన్, నాలుగు హైడ్రోజన్లే ఉంటాయి. అయితే ఈ మాట చెప్పి శంక తీర్చేశామనుకోవడం తొందరపాటు. శుద్ధి అన్నది అణువుల గురించి వేసే ప్రశ్న కాదు. మనిషి దేనితో ఏ సంబంధం పెట్టుకుంటాడన్న దాని గురించి వేసేది. దానికి రసాయన శాస్త్రం జవాబు చెప్పలేదు, ఆ సంబంధం ఎవరిమీద రుద్దబడిందో చరిత్ర చెప్పగలదు.

కర్త ఎవరన్న ప్రశ్నకు డబ్బు కూడా అంటుకున్న చోటు ఒకటుంది. అదీ ఈ రోడ్డు మీదే. పామిడి నుంచి హైవే పట్టుకుని బెంగళూరు వైపు పోతే సరిహద్దు దాటగానే బాగేపల్లి వస్తుంది. జిల్లా కర్ణాటకదైనా పల్లెల్లో వినబడేది తెలుగే. అక్కడి కూలీ సంఘం, అడాట్స్ అనే స్వచ్ఛంద సంస్థతో కలిసి, పేద ఇళ్లకు రెండు ఘనమీటర్ల గుంతలు 5,500 కట్టే పథకం తలపెట్టింది. 2005 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి స్వచ్ఛ అభివృద్ధి యంత్రాంగంలో ఆ పథకం నమోదైంది. కట్టెలు, కిరోసిన్ కాల్చనందుకు తగ్గిన ఉద్గారాలను లెక్కగట్టి కార్బన్ క్రెడిట్లుగా విదేశాలకు అమ్మే ఏర్పాటు అది. ‘నేను చేయలేదు’ అన్నదానికి వెలకట్టడం ఇది. అలా అమ్మాలంటే ముందు ఎవరు చేయలేదో కాగితం మీద తేలాలి. గుంత నడిపే ఇల్లాలా? కట్టించిన సంఘమా? పెట్టుబడి పెట్టిన పరాయి దేశమా? మన పురాణాల్లో తపఃఫలం ధారపోసిన రుషులున్నారు, పుణ్యం కొనుక్కున్న రాజులున్నారు. ఒకరి సత్కర్మ ఇంకొకరి ఖాతాలో పడటం మనకు కొత్త కాదు. కుందకుందుడైతే వ్యవహార నయంలో మీ ఇష్టం అనేవాడు. బాగేపల్లి లెక్కల పుస్తకంలో కూలీ కుటుంబాల పేర్లు ఉండటం మాత్రం మెచ్చుకోదగ్గ సంగతి. మిథనోజెన్లకు వాటా ఎలాగూ రాదు.

భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం ఈ తగవును ఇంకో దారిలో తీరుస్తుంది. ఏ పని జరగడానికైనా ఐదు కారణాలంటుంది: అధిష్ఠానం, కర్త, కరణాలు, రకరకాల చేష్టలు, ఐదోది దైవం. అన్నీ తానే చేశాననుకునేవాడికి బుద్ధి పక్వం కాలేదంటుంది. పామిడి మెట్ట మీద ఈ ఐదింటినీ చూపించడం తేలిక. ఇటుకల గుమ్మటం అధిష్ఠానం. పేడ పిసికే మనిషి కర్తలా కనబడుతుంది. పశువు కడుపూ గొట్టమూ కరణాలు. లోపల ఎంగిలి పంక్తులు చేష్టలు. ఐదోదాన్ని ఇక్కడ వాన అంటారు.

వరసగా రెండేళ్లు వాన తప్పితే మేత ధర పెరుగుతుంది, ఎనుములు సంతకు పోతాయి. పేడ సగమైతే గ్యాస్ సగం. 50 లీటర్ల నీళ్లు గుంతకు పోయాలా, తాగడానికి దాచుకోవాలా అన్న ప్రశ్న వచ్చిన ఇంట్లో జవాబు ముందే తెలుసు. కొన్నాళ్లకు గుమ్మటం నిండా నీళ్లు చాలని పేడ గట్టిపడుతుంది. ఇల్లాలు మళ్లీ కంపచెట్ల దారి పడుతుంది. వాన పడి, అప్పుచేసి ఒక ఎనుమును, తర్వాత ఇంకో రెండింటిని తెచ్చుకున్నాక గుంతను మళ్లీ తెరిచి శుభ్రం చేస్తారు. తాజా పేడ ఒక్కటే పోసి వదిలేస్తే మంట రావడానికి చాలా రోజులు పడుతుంది కాబట్టి, నడుస్తున్న గుంత ఉన్న ఇంటికి పోయి నాలుగు బకెట్ల స్లర్రీ అడిగి తెచ్చుకోవాలి. ఆ ఇంటివాళ్లు ఊరికే ఇస్తారు; మీ గుంత నిలబడ్డాక ఒక బండి ఎరువు మా చేనికి తోలండి అంటారు.